డబ్ల్యూడీఎం-2 నమూనా కోసం అమెరికా ఎస్‌డీ40-2ను కోయవచ్చునా?

కాలవగట్టు (పాలకొల్లు)

నమూనా రైళ్ళ వేదిక సభ్యులకు నమస్కారం. మాది పాలకొల్లు. మా నాన్నగారు గూడ్సు గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నిడదవోలు–నరసాపురం లైనులో తిరిగిన ఆయన బండ్లలో నాకు బాగా గుర్తున్నది డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను. స్టేషనులో కదిలేటప్పుడు అది వదిలే నల్లని పొగ మా వీధి కొబ్బరిచెట్ల మీదుగా పోతూ ఉంటే, ‘మీ నాన్న బండి బయలుదేరింది’ అని మా నాయనమ్మ చెప్పేది. బియ్యం వ్యాగన్లతో, ఎరువుల వ్యాగన్లతో నడిచిన ఆ బండిని నమూనాగా కట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇన్నాళ్ళకు మేడ మీద 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గది ఒకటి ఖాళీ అయింది.

అమెరికాలో ఉంటున్న మా పెద్దబావ గారు సంక్రాంతికి వస్తూ, అక్కడ ఎవరో కొన్నాళ్ళు నడిపి అమ్మివేసిన హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు) ఎస్‌డీ40-2 డీజిల్ ఇంజను నమూనా ఒకటి తెచ్చి ఇచ్చారు. ఆరు ఇరుసులు, రెండు బోగీలు (చక్రాల చట్రాలు), ఒకవైపు పొట్టి ముక్కు, రెండోవైపు యంత్రాన్ని కప్పే పొడవైన హుడ్డు ఉండడంతో, గుమ్మంలో నిలబడి చూసినప్పుడు మన ఇంజనుకు దాయాదిలాగానే కనిపించింది. దీని పై బాడీ తీసివేసి, ప్లాస్టిక్ షీటుతో డబ్ల్యూడీఎం-2 బాడీ కట్టి తొడిగితే సరిపోతుందని అనుకున్నాను. లారీల వెనుక అక్షరాలు రాసే కుర్రవాడు ఒకడు మా వీధిలోనే ఉన్నాడు. నంబరు రాయడానికి కూడా ఒప్పుకొన్నాడు. తీరా స్కేలు పెట్టి కొలిస్తే, చేతిలో ఉన్నది సుమారు 24 సెంటీమీటర్లు ఉంది. మన ఇంజను 87వ వంతు పొడవు లెక్కవేస్తే 20 సెంటీమీటర్లు కూడా రావడం లేదు. మధ్యలో నాలుగున్నర సెంటీమీటర్లు కోసి అతికించాలా, లేక పొడవును చూసీ చూడనట్లు వదిలివేయాలా అన్నది నా మొదటి సందేహం.

రెండో సందేహం నడకకు సంబంధించినది. ఇంజను కదిలినప్పుడల్లా ‘టిక్కు, టిక్కు’ మని ఒకే తాళంలో శబ్దం వస్తున్నది. వేగం పెంచితే తాళం కూడా పెరుగుతున్నది. పాయింటు (బండి ఒక దారి నుంచి మరో దారికి మారే చోటు) మీదుగా పోయేటప్పుడు వెనుక బోగీ తరచుగా పట్టా దిగిపోతున్నది. బల్ల ఇంకా కట్టలేదు, పట్టాలను నేల మీదనే పరిచి నడుపుతున్నాను. కట్టిన తరువాత కంకరగా గోదావరి ఇసుకే వాడాలని ఉద్దేశం. అనుభవం ఉన్న పెద్దలు దారి చూపగలరని మనవి.

లాంగ్‌హుడ్ (రాజమహేంద్రవరం)

కాలవగట్టు గారికి నమస్కారం. నేను చాలాకాలం ఈ ఇంజన్ల మీదనే పనిచేశాను, తరువాత నమూనాలలో పడ్డాను. అందువల్ల నా అభిప్రాయంలో కొంత పక్షపాతం ఉంటే మన్నించండి. ఆ ఎస్‌డీ40-2ను కోయవద్దు. పొడవు ఒక కారణమే గాని, అసలు కారణం అది కాదు.

ముందు పొడవు సంగతి చూద్దాం. అసలు ఎస్‌డీ40-2 దాదాపు 21 మీటర్ల ఇంజను. డబ్ల్యూడీఎం-2 బఫర్ల మధ్య 17.12 మీటర్లు. హెచ్‌ఓలో మొదటిది 24.1, రెండోది 19.7 సెంటీమీటర్లు అవుతాయి గనుక మీ కొలత సరిగ్గానే ఉంది. కానీ ఆ 4.4 సెంటీమీటర్లను బాడీలో తీసివేస్తే చాలదు. లోపల మోటారును పట్టి ఉంచే పోత లోహపు దిమ్మెను కోయాలి, మోటారు నుంచి బోగీలకు పోయే షాఫ్టులను కుదించాలి, ఇంత చేసిన తరువాత రెండు బోగీలూ వంకర లేకుండా ఒకే వరుసలో నిలవాలి. లేతు మిషను ఉన్నవారికే అది సులువైన పని కాదు.

అసలు కారణం బోగీ. ఇక్కడ బోగీ అంటే పెట్టె అన్న అర్థంలో కాదు, మూడు ఇరుసులను పట్టి ఉంచే చక్రాల చట్రం అన్న అర్థంలో అంటున్నాను. డబ్ల్యూడీఎం-2 అమెరికాలోని ఆల్కో సంస్థ రూపకల్పన. వారి లెక్కలో దాని పేరు డీఎల్560సీ. లోపల 16 సిలిండర్ల 251 రకం ఇంజను, 2600 అశ్వశక్తి. మొదటి ఇంజన్లు 1962లో అక్కడి నుంచి వచ్చాయి. 1964 నుంచి వారణాసి డీజిల్ కర్మాగారంలోనే తయారయ్యాయి. ఆల్కో 1969లో మూతపడింది, మన కర్మాగారం మాత్రం అదే వంశాన్ని దశాబ్దాల తరబడి సాగించింది. ఆ ఆల్కో ఇంజన్ల కింద ఉండేది ట్రైమౌంట్ బోగీ. బరువు మూడుచోట్ల ఆనుతుంది గనుక దానికి ఆ పేరు. అందులో నడిమి ఇరుసు సరిగ్గా నడుమ ఉండదు. ఒకవైపు ఎడం ఎక్కువ, మరోవైపు తక్కువ. డబ్ల్యూడీఎం-2ను పక్కనుంచి చూసిన ఎవరికైనా, కారణం తెలియకపోయినా, ఆ ఎడంలోని తేడా కంటికి అలవాటై ఉంటుంది. ఎస్‌డీ40-2 బోగీ వేరే సంస్థది, వేరే ఆకారంది, అందులో ఆ తేడా అంతగా కనబడదు. దాని మీద మీరు ఎంత అందమైన బాడీ తొడిగినా, చూసినవారు ఏదో తేడాగా ఉందని అంటారు గాని అదేమిటో చెప్పలేరు.

అందుచేత బాడీని చూసి కాక బోగీని చూసి నమూనాను ఎంచుకోండి. బాడీని ప్లాస్టిక్ షీటుతో మనం కట్టుకోగలం; నడిచే ఆరు ఇరుసుల యంత్రాన్ని ఇంట్లో కట్టడం కష్టం. అమెరికా ఆల్కో ఇంజన్లలో ట్రైమౌంట్ బోగీలు ఉన్నవి ఆర్‌ఎస్‌డీ వరుస. ఆర్‌ఎస్‌డీ-5లో 1600 అశ్వశక్తి, ఆర్‌ఎస్‌డీ-12లో 1800. అట్లాస్ సంస్థ హెచ్‌ఓలో ఆర్‌ఎస్‌డీ-4/5ను, ఆర్‌ఎస్‌డీ-12ను చేసింది. పాత సరుకు అమ్మేవారి వద్ద ఇవి ఇప్పటికీ వస్తూ ఉంటాయి. పొడవులోనూ ఇవి డబ్ల్యూడీఎం-2కు చాలా దగ్గర. 251 ఇంజనే 16 సిలిండర్లతో ఉన్న ఆర్‌ఎస్‌డీ-15 కూడా ఉంది గాని, అది మరీ పొడుగు. మళ్ళీ మీరు రంపం పట్టుకోవలసి వస్తుంది.

ఒక చిన్న సవరణ. మీరు గూడ్సు ఇంజను అని రాయలేదు గాని, ఈ వేదికలో చాలామంది అలా రాస్తున్నారు. డబ్ల్యూడీఎంలో ఎం అంటే మిశ్రమం. అది ప్యాసింజరుకూ కట్టారు, గూడ్సుకూ కట్టారు. అచ్చంగా గూడ్సు కోసం వచ్చినది జీ అక్షరం ఉన్న వరుస: 1995లో వచ్చిన 3100 అశ్వశక్తి డబ్ల్యూడీజీ-3ఏ, ఆ తరువాత అమెరికా సంస్థ ఈఎండీ సాంకేతికతతో వచ్చిన డబ్ల్యూడీజీ-4. డబ్ల్యూడీజీ-3ఏ కింద ట్రైమౌంట్ ఉండదు. పట్టు జారకుండా మోటార్లన్నీ ఒకే దిశకు తిరిగి ఉండే వేరే బోగీ ఉంటుంది. కాబట్టి రేపు ఎప్పుడైనా అదే ఆర్‌ఎస్‌డీ యంత్రం మీద డబ్ల్యూడీజీ-3ఏ కడదామని అనుకోకండి.

నూటఒకటి (కాకినాడ)

లాంగ్‌హుడ్ గారి మాటను గౌరవిస్తూనే ఒక అడ్డుప్రశ్న వేస్తున్నాను. నడిమి ఇరుసు రెండు మూడు మిల్లీమీటర్లు జరిగిందని ఇంత పట్టింపు పెట్టుకొన్న మనం, పట్టాల మధ్య వెడల్పు గురించి మాట్లాడకుండా ఎలా వదిలివేస్తున్నాం? మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.26 మిల్లీమీటర్లు రావాలి. మనమందరం బజారులో దొరికే 16.5 మిల్లీమీటర్ల హెచ్‌ఓ పట్టా మీద మన ఇంజన్లను నిలబెడుతున్నాం. అది అమెరికా, ఐరోపాల 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోయే కొలత. అంటే ప్రతి నమూనాకూ కాళ్ళు దాదాపు 3 మిల్లీమీటర్లు దగ్గరకు లాగినట్లు ఉంటున్నాయి. పక్కనుంచి కనబడదు గాని, స్టేషను చివర నిలబడి ఎదురుగా చూస్తే, లావుపాటి మనిషి సన్నని కాళ్ళ మీద నిలబడినట్లు ఉంటుంది.

నేను చేసిన పని చెబుతాను. 1676ను 16.5తో భాగిస్తే 101.6 వస్తుంది. ఆ స్కేలులో కడితే బజారు పట్టా మీదనే గేజి ఖచ్చితంగా సరిపోతుంది. నా పేరు చూస్తే మీకు అర్థమయ్యే ఉంటుంది. మన వ్యాగన్లు, మన స్టేషన్లు, మన సిగ్నళ్ళు ఎలాగూ చేత్తోనే కట్టుకోవాలి కదా. అలాంటప్పుడు 87తో భాగించినా, 101.6తో భాగించినా కాలిక్యులేటరుకు ఒకటే శ్రమ. పైగా వస్తువులన్నీ కొంచెం చిన్నవి అవుతాయి గనుక మీ గదిలో చోటు కలిసివస్తుంది.

లాంగ్‌హుడ్ (రాజమహేంద్రవరం)

నూటఒకటి గారూ, మీ లెక్కలో తప్పు లేదు. మీ కాకినాడ యార్డు ఫొటోలు చూసి ఆనందించినవారిలో నేనూ ఒకణ్ణి. అయితే మీ స్కేలులో డబ్ల్యూడీఎం-2 పొడవు 16.9 సెంటీమీటర్లు మాత్రమే అవుతుంది. అంత పొట్టి బాడీ కింద ఇమిడే ఆరు ఇరుసుల ట్రైమౌంట్ యంత్రం ఎక్కడ దొరుకుతుంది? మీరు నాలుగు ఇరుసుల షంటింగు ఇంజను కొని, బోగీలను సొంతంగా కట్టారని మీరే ఇదివరకు రాశారు. అది మీకు చేతనైన విద్య. మొదటిసారి కడుతున్నవారిని ఆ దారిన పొమ్మంటే, నాలుగేళ్ళ తరువాత వారి దగ్గర కోసిన ముక్కలు మాత్రమే మిగులుతాయేమోనని నా భయం. పట్టాల వెడల్పు ఎదురుగా చూసినప్పుడే తెలుస్తుంది. బోగీ బండి పక్కగా పోయినంతసేపూ కళ్ళ ముందే ఉంటుంది. ఎదుటి చూపు పడని చోట గది తలుపు పెట్టుకొంటే సగం సమస్య తీరుతుంది. ఇది సగం పరిహాసమే, సగం నిజం కూడా.

చక్రాల విషయంలో మాత్రం ఎవరూ బెంగపడనక్కరలేదు. డబ్ల్యూడీఎం-2 చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1092 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో పన్నెండున్నర. అమెరికా ఇంజన్ల 40 అంగుళాల చక్రం పదకొండున్నర పైచిలుకు. ఆ మిల్లీమీటరు తేడా కోసం కొత్త చక్రాలు వెతకడం దండగ.

పళ్ళచక్రం (తణుకు)

పెద్దలు స్కేళ్ళ గురించి వాదించుకొంటూ ఉండగా, కాలవగట్టు గారి రెండో ప్రశ్న గాలికి పోయింది. నేను మోటారు రీవైండింగు పని చేసుకొనేవాణ్ణి. గేజి శాస్త్రం నాకు అంతగా తెలియదు గాని, టిక్కుమనే శబ్దం తెలుసు.

ముందుగా ఒక పరీక్ష చేయండి. ఒక చక్రం అంచు మీద తెల్ల పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. ఇంజనును వెల్లకిలా స్పంజి మీద పడుకోబెట్టి, రెండు వైర్లతో తక్కువ ఓల్టేజి ఇచ్చి మెల్లగా తిప్పండి. చుక్క పైకి వచ్చిన ప్రతిసారీ ఒక్కసారి మాత్రమే టిక్కుమంటే, దోషం ఇరుసు మీది గేరులో ఉన్నట్లు. చక్రం ఒక్కసారి తిరిగేలోపల టకటకమని చాలాసార్లు వస్తే, దోషం పైన ఉండే వార్మ్ గేరు (మరలా చుట్లు ఉన్న గేరు)లోనో, షాఫ్టులోనో ఉన్నట్లు. ఎందుకంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి వార్మ్ అనేక చుట్లు తిరుగుతుంది. పట్టా మీదనే చూడాలంటే పక్కన స్కేలు పెట్టండి. మీ చక్రం చుట్టుకొలత సుమారు 3.7 సెంటీమీటర్లు, ఆ దూరానికి ఒక టిక్కు చొప్పున వస్తే ఇరుసు గేరే.

నా అంచనా అదే. పాత హెచ్‌ఓ డీజిల్ ఇంజన్లలో ఇది ఏదో ఒక్క సంస్థకు పరిమితమైన జబ్బు కాదు. ఇరుసు ఒకే కడ్డీగా ఉండదు. మధ్యలో గొట్టం లాంటి ప్లాస్టిక్ గేరు, దానికి చెరొకవైపు నుంచి బిగువుగా దిగగొట్టిన సగం ఇరుసులు ఉంటాయి. ప్లాస్టిక్ మధ్యలో ఉండడం అవసరం కూడా, లేకపోతే రెండు పట్టాల కరెంటు కలిసి షార్టు అవుతుంది. అయితే లోపల లోహం ఎప్పుడూ తోస్తూ ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ప్లాస్టిక్ కుదించుకొంటూ ఉంటుంది. చివరికి గేరు పొడవునా వెంట్రుకంత చీలిక వస్తుంది. చీలిన చోట రెండు పళ్ళ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందు దగ్గరకు రాగానే ఎదుటి గేరు పన్ను సరిగ్గా దిగక ఎగిరిపడుతుంది. మీరు వింటున్న టిక్కు అది.

మీ పాయింటు గొడవ కూడా దీని బిడ్డే అయి ఉంటుంది. చీలిన గొట్టంలో సగం ఇరుసుల పట్టు సడలుతుంది, చక్రాలు బయటికో లోపలికో జరుగుతాయి. తిన్నని దారిలో అది తెలియదు. పాయింటు దగ్గర చక్రం అంచు పోవలసిన ఇరుకు సందు ఉంటుంది గనుక అక్కడ ఎక్కి దిగిపోతుంది. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని నమూనా రైళ్ళ సంఘం) వారి రేకు గేజి, అంటే చక్రాల ఎడం చూసే కొలబద్ద, ఒకటి దొరుకుతుంది. ప్రతి జత చక్రాలనూ దానితో చూడండి. గేజి లేకుండా ఈ పనిలోకి దిగడం తూకం లేకుండా బెల్లం అమ్మడం లాంటిది.

మరమ్మతు విషయానికి వస్తే, ఫెవిక్విక్ వేసి అతికించమని ఎవరైనా చెబితే వినకండి. చీలిక మూసుకోదు, పళ్ళ సందు అలాగే ఉంటుంది, పైగా జిగురు పళ్ళలోకి దిగుతుంది. అన్నే పళ్ళు, అదే వ్యాసం ఉన్న కొత్త గేరు తెప్పించండి. బోగీ అడుగు పలక విప్పి, పాత గేరులోంచి సగం ఇరుసులను తిప్పుతూ లాగితే వచ్చేస్తాయి. కొత్తదానిలోకి సుత్తితో కొట్టకుండా, చిన్న వైసులో పెట్టి మెల్లగా, తిన్నగా నొక్కండి. నడుమ నడుమ గేజి పెట్టి చూడండి. ఆవిరి ఇంజనులో ఎడమ, కుడి చక్రాల మధ్య ఉండవలసిన కోణాల లెక్క డీజిలుకు లేదు గనుక ఆ బాధ తప్పింది. ఒక గేరు చీలితే మిగతా అయిదూ అదే వయసువి. ఆరూ ఒకేసారి మార్చడం మేలు. చివరగా నూనె. ప్లాస్టిక్‌కు హాని చేయదని సీసా మీద రాసి ఉన్నదే వాడండి, అదీ ఒక్క చుక్క. మా దుకాణానికి వచ్చిన ఒక ఇంజనులో ఎవరో కొబ్బరినూనె పోశారు. లోపల గేర్లన్నీ జున్నులో కూరుకొన్నట్లు ఉన్నాయి.

కాలవగట్టు (పాలకొల్లు)

అందరికీ కృతజ్ఞతలు. పళ్ళచక్రం గారు చెప్పినట్లే వెల్లకిలా పడుకోబెట్టి చుక్క పెట్టి చూశాను. వెనుక బోగీలో చుక్క పైకి వచ్చిన ప్రతిసారీ ఒక టిక్కు, అంతకు మించి లేదు. అడుగు పలక విప్పి భూతద్దంతో చూస్తే, నడిమి ఇరుసు గేరు మీద ఒక పన్ను మొదట్లో నల్లని గీత కనిపించింది. మురికి అనుకొని గుండుసూదితో గీకబోతే సూదిమొన దానిలోకి దిగింది. చివరి ఇరుసు కూడా అంతే. ఆ రెండు జతల చక్రాలనూ చేత్తో పట్టుకొని తిప్పితే, ఒకటి కదలకుండా ఉండగా రెండోది తిరిగిపోతున్నది. ఆరు గేర్లూ తెప్పించమని బావగారికి రాశాను.

కోసే ఆలోచన విరమించుకొన్నాను. గేర్లు మారిన తరువాత ఈ ఎస్‌డీ40-2ను అలాగే ఉంచి, పట్టా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి వాడతాను. డబ్ల్యూడీఎం-2 కోసం ఆర్‌ఎస్‌డీ-12 వెతుకుతాను. నూటఒకటి గారి స్కేలు ఆకర్షణీయంగానే ఉంది గాని, బోగీలు కట్టే ధైర్యం నాకు లేదు. లాంగ్‌హుడ్ గారిని ఇంకొకటి అడగాలి: ఈ గదిలో ఎంత పొడవు బండి నడపవచ్చు? వంపు ఎంత పెట్టాలి?

లాంగ్‌హుడ్ (రాజమహేంద్రవరం)

పూర్తి బండి మీ గదిలో పట్టదు. ఆ సంగతి ముందే ఒప్పుకొంటే మనసు కుదుటపడుతుంది. బీసీఎన్ అనే పెద్ద మూత వ్యాగను కప్లర్ల మధ్య 15.43 మీటర్లు, హెచ్‌ఓలో 17.7 సెంటీమీటర్లు, నలభై వ్యాగన్లు కడితే ఏడు మీటర్లు దాటుతుంది. మన స్టేషన్లలో లూపు లైనుకు (బండి పక్కకు ఆగి దారి ఇచ్చే లైను) చాలాకాలం ప్రమాణంగా తీసుకొన్న 686 మీటర్లను నమూనాలో పెట్టాలంటే దాదాపు ఎనిమిది మీటర్లు కావాలి, మీ గది నాలుగుంపావు మీటర్లే. పది బీసీఎన్‌లు, ఒక బ్రేకు వ్యాను అంటే రెండు మీటర్లలో సరిపోతుంది. నాన్నగారి ఉద్యోగం వాక్యూమ్ బ్రేకుల కాలంలోనిదైతే మీకు మరో వెసులుబాటు ఉంది. అప్పటి నాలుగు చక్రాల మూత వ్యాగన్లు బీసీఎన్‌లో సగం పొడవే గనుక, అదే రెండు మీటర్లలో రెట్టింపు వ్యాగన్లు వస్తాయి, కంటికి నిండైన గూడ్సులా కనిపిస్తుంది. ఏ వ్యాగను కట్టినా బరువు చూసుకోండి. ఎన్‌ఎంఆర్‌ఏ సిఫారసు ప్రకారం హెచ్‌ఓలో ఒక ఔన్సు, దానికి తోడు ప్రతి అంగుళం పొడవుకూ అర ఔన్సు. బీసీఎన్‌కు సుమారు 130 గ్రాములు. చేత్తో కట్టిన వ్యాగన్లు తేలికై వంపులో పడిపోవడమే సర్వసాధారణం.

వంపు 22 అంగుళాల వ్యాసార్ధానికి తగ్గించవద్దు. 18 అంగుళాలలో కూడా ఆరు ఇరుసుల ఇంజన్లు తిరుగుతాయి గాని, బోగీ ఒకవైపు, బాడీ ఒకవైపు చూస్తూ ఉంటాయి. పోలికకు చెబుతున్నాను: బ్రాడ్‌గేజిలో 10 డిగ్రీల వంపు చాలా కఠినమైనది, దాని వ్యాసార్ధం 175 మీటర్లు. హెచ్‌ఓలో అదే రెండు మీటర్లు! మనం వాడే వంపులన్నీ అబద్ధాలే. కొబ్బరితోట చాటున దాచవలసినవి.

వేగం కూడా లెక్క ప్రకారమే పెట్టుకోండి. గంటకు 60 కిలోమీటర్లంటే మీ పట్టా మీద ఒక మీటరుకు అయిదు సెకన్ల పైన పట్టాలి. అంతకంటే తొందరగా పోతే అది గూడ్సు కాదు. శబ్దం పెట్టే ఉద్దేశం ఉంటే, డీసీసీ డీకోడరు (ఇంజను లోపల పెట్టి నడకను, శబ్దాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పలక) కొనేటప్పుడు ఆల్కో 251 అని అడిగి తీసుకోండి. ఎస్‌డీ40-2లో ఉండేది రెండు స్ట్రోకుల 645 ఇంజను, మనది నాలుగు స్ట్రోకులది. నాన్నగారు కళ్ళు మూసుకొని విన్నా పట్టేస్తారు.

ఇసుకమేట (నరసాపురం)

కాలవగట్టు అన్నయ్య గారికి నమస్కారం. కంకరగా గోదావరి ఇసుక వాడతానని రాశారు. మీరు ఇంకా మొదలుపెట్టలేదు గనుక నా అనుభవం చెబుతున్నాను.

పరిమాణం విషయంలో మీ ఆలోచన మంచిదే. అసలు కంకర రాయి 65 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. హెచ్‌ఓలో అది ముప్పావు మిల్లీమీటరు. టీ వడకట్టే జల్లెడలో పడకుండా, పిండి జల్లెడలో నిలవకుండా ఉండే ఇసుక దానికి దగ్గరగా ఉంటుంది. మా గొడవ ఎక్కడ వచ్చిందంటే, ఇంటి దగ్గర దొరికింది కదా అని నేను అంతర్వేది వైపు తీరం ఇసుక తెచ్చి పరిచాను. మన తీరంలో నల్లని బరువైన ఖనిజపు రేణువులు ఇసుకలో కలిసి ఉంటాయన్నది చదువుకొన్నదే గాని, అప్పుడు తట్టలేదు. నెల తిరక్కుండా ఇంజను గుర్రుమనడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే మోటారు అయస్కాంతం చుట్టూ చీమల బారులా నల్లరేణువులు పట్టి ఉన్నాయి. పరిచిన కంకర అంతా గీకి పారేయవలసి వచ్చింది.

ఇప్పుడు ఏ ఇసుక తెచ్చినా, ఏటి ఇసుకైనా సరే, ముందు మూడు నీళ్ళు పోసి కడుగుతాను. తీరం ఇసుకైతే ఉప్పు పోవడానికి అది మరీ అవసరం. ఎండబెట్టిన తరువాత పళ్ళెంలో పలుచగా పరిచి, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి దాని మీదుగా నాలుగైదుసార్లు తిప్పుతాను. సంచిని తిరగేస్తే రేణువులు సంచితో పాటు వచ్చేస్తాయి, అయస్కాంతాన్ని తుడుచుకొనే బాధ ఉండదు. ఆ తరువాతే ఫెవికాల్‌ను నీళ్ళలో పలుచన చేసి, గిన్నెల సబ్బు ఒక చుక్క కలిపి, డ్రాపరుతో పోస్తాను.

మన గాలిలోని చెమ్మ గురించి కూడా ఒక మాట. ప్లైవుడ్‌కు పైన, కింద మాత్రమే కాదు, నాలుగు అంచులకు కూడా వార్నిషు పట్టించండి. నీరు తాగేది అంచుల దగ్గరే. కలప వానకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకొంటుంది గనుక పట్టాల అతుకులన్నిటినీ టంకం వేసి బిగించకుండా అక్కడక్కడ సన్నని ఎడం వదలండి. నల్లబడిన పట్టాలను స్టీలు పీచుతో రుద్దితే దాని పొడి కూడా నల్ల ఇసుకలాగే మోటారులోకి చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన బట్టతో తుడిస్తే చాలు.

మీరు వాక్యూమ్ కాలం కడుతున్నట్లయితే కాంక్రీటు స్లీపర్లు కాక సీఎస్‌టీ-9 పోత ఇనుప స్లీపర్లు పెట్టే ఆలోచన చేయండి. రెండు పట్టాల కింద రెండు ఇనుప పళ్ళేలు, మధ్యలో వాటిని కలిపే కడ్డీ. కంకరలో సగం మునిగి ఉంటాయి గనుక కనబడే భాగం తక్కువ, పని కూడా తక్కువ. ముందు వరుసలో ఒక్క మీటరు మేర పెట్టినా ఆ కాలం తెలుస్తుంది.

కాలవగట్టు (పాలకొల్లు)

చెల్లెమ్మ గారికి ధన్యవాదాలు. మా చించినాడ బంధువులు తెచ్చిపెట్టిన ఏటి ఇసుక ఒక బస్తా మేడ మీదనే ఉంది. ఉత్తరం చదవగానే రెండు గుప్పిళ్ళు పళ్ళెంలో పోసి అయస్కాంతం తిప్పాను. తీరం ఇసుక కాదు కదా అని ధైర్యంగా ఉన్నాను గాని, సంచి అడుగున మీసంలా నల్లని చార నిలబడింది.

సీఎస్‌టీ-9 అనగానే నాన్నగారు కాగితం తీసుకొని పళ్ళెం ఆకారం గీసి ఇచ్చారు. ఆయన కాలం వాక్యూమ్ బ్రేకులదేనని, నాలుగు చక్రాల మూత వ్యాగన్లే కట్టమని కూడా తేల్చిచెప్పారు. కాబట్టి పద్దెనిమిది వ్యాగన్లు, ఒక బ్రేకు వ్యాను. నడుస్తున్న ఆర్‌ఎస్‌డీ-12 గాని, బాడీ పగిలినా బోగీలు బాగున్నది గాని ఎవరి వద్దనైనా అమ్మకానికి ఉంటే తెలియజేయండి. పై బాడీతో నాకు పని లేదు.